పాటిదిబ్బ మీద ఈజిప్టు పాఠం

ఆ అట్టముక్కలేంటమ్మా సరోజినీ, వరండా అంతా పరిచేశావు? పిరమిడా. ఓహో, నాలుగో తరగతికి ఈజిప్టు పాఠమా. చేసుకో, చేసుకో, నాకేం అడ్డం లేదు, నేనే కుర్చీ ఇటు జరుపుకుంటాను. కాఫీ వద్దు. పొద్దు వాలాక నేనేం పుచ్చుకోనని మీ అత్తగారికి తెలుసు, నీకూ తెలుసు, అయినా అడుగుతావు, నీ మర్యాద నీది. ఏం లేదు, ఆ పిరమిడు చూస్తే ఓ మాట అనబుద్ధేసింది. దాంతో మొదలుపెట్టకమ్మా. నా మాట కాదిది, నాకంత చదువెక్కడిది, ఎనిమిదో తరగతీ ఆ పైన ట్రైనింగూ, అంతే. జీవరత్నం టీచరమ్మ అనేది. "గోరీలు తర్వాత చూద్దాం పంతులుగారూ, ముందు ఏరు చూపిద్దాం. వాళ్ళేం తిన్నారో తెలియకుండా ఎక్కడ పూడ్చారో ఎందుకండీ పిల్లలకి" అనేది. నీకు తెలియదులే ఆవిడ. నువ్వు పుట్టకముందే పోయింది. నేను గుడివాడ రాకముందు, దివిసీమలో, అవనిగడ్డకి దిగువన ఓ పల్లెటూళ్ళో మిషను వాళ్ళ బడిలో పనిచేశాను. ఇద్దరమే టీచర్లం. ఆవిడ పెద్ద, నేను చిన్న. బందరులో ట్రైనింగయి వచ్చిన మనిషి, క్రైస్తవులు, భర్త పోయాడు, పిల్లల్లేరు, బడి వెనక గదిలో ఒక్కతే ఉండేది. తెల్ల చీర, చేతికి గడియారం. ఆ ఊళ్ళో గడియారం ఆవిడకీ మునసబుగారికీ తప్ప ఎవరికీ లేదు, మునసబుగారిది నడిచేది కాదు.

నేను బెత్తం వాడేవాణ్ణి. ఆవిడ వాడేది కాదు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం నాదే, పిల్లవాడికి కాస్త భయం ఉండాలి, ఇప్పుడు మీ బళ్ళలో చూస్తున్నాంగా. కానీ ఒకటి, ఆవిడ క్లాసులో పిల్లలు అల్లరి చేసేవాళ్ళు కాదు. ఎందుకు చెయ్యరో చాలా రోజులు నాకర్థం కాలేదు. అల్లరికి తీరిక ఉండేది కాదమ్మా వాళ్ళకి. ఆవిడ ఏదో ఒకటి తవ్విస్తూనో, పోయిస్తూనో, మోయిస్తూనో ఉండేది. ఈ ఈజిప్టు పాఠమే చూడు. పుస్తకంలో ఒకే ఒక్క పేజీ. నేనైతే కంఠతా పెట్టించి, మర్నాడు నిలబెట్టి చెప్పించి వదిలేసేవాణ్ణి. ఆవిడ ఏం చేసిందీ, పిల్లలందరి చేతా కాలవలోంచి ఒండ్రుమట్టి తెప్పించింది. వేసవి కాలం, కాలవలు కట్టేశారు, అడుగున బురద తేలి ఉంది. క్రైస్తవుల పల్లె పిల్లలూ ఊళ్ళో రైతుల పిల్లలూ తట్టలతో మోశారు. బడి ముందు ఇసకలో ఆ ఒండ్రు ఓ వంకరటింకర చారలాగా పోయించి, చివర్న విసనకర్రలాగా విప్పించింది. నడుమ ఓ గాడి తీయించి నీళ్ళు వదలమంది. ఆ తర్వాత జనుము గింజలిచ్చి, "చారలో కొన్ని చల్లండి, పక్కన ఇసకలో కొన్ని చల్లండి, రోజూ వచ్చి చూడండి" అంది. ఇంకేం చెప్పలేదు. నాకు చిరాకేసింది, పాఠం చెప్పకుండా ఈ వ్యవసాయం ఏంటని. నాలుగు రోజులు పోయాక చూస్తే చారంతా పచ్చగా లేచింది, ఇసకలో ఒక్క మొక్క లేదు. అప్పుడు చెప్పింది. "ఈ పచ్చ చార ఉంది చూశారూ, అదే ఈజిప్టు దేశం. తక్కినదంతా ఇసక. ఏరు ఎంత మేర ఒండ్రు పోస్తే అంత మేరే దేశం" అని.

పిల్లలు అడిగే ప్రశ్నలు వినాలి. "టీచరమ్మగారండీ, ఈజిప్టు గుడివాడ అవతలాండీ?" అని ఒకడు. "బందరెళ్ళి ఓడెక్కాలిరా." "ఆళ్ళు దాళవా ఏస్తారాండీ?" "వరి కాదు, గోధుమ." "మరన్నం?" "అన్నం లేదు, రొట్టె." "అయ్యో పాపం" అన్నాడు వాడు, నిజంగానే బాధపడ్డాడు. ఇంకొకడు, "ఆళ్ళకి లాకులున్నాయాండీ?" "లేవు. వరద వచ్చినప్పుడు గట్లేసి నీళ్ళు నిలబెట్టుకునేవాళ్ళు." "గట్లెవరేస్తారండీ?" "అందరూ కలిసి." "మా ఊళ్ళో అయితే కలవరండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "కలవకపోతే అందరూ మునుగుతారు, అందుకని కలిశారు. ఎవరి గట్టు ఎంతో చెప్పడానికి ఓ పెద్ద అవసరమయ్యాడు. లెక్క రాయడానికి రాత కావాల్సొచ్చింది. ఒండ్రులో పంట ఎక్కువ పండేసరికి దున్నకుండా బతికే మనుషులు పుట్టారు, కుమ్మరి, కంసాలి, రాజు, పంతులు" అని నా వైపు చూసింది. "ఏరు లేకపోతే పంతులు కూడా లేడు." ఇన్నేళ్ళు బళ్ళో చెప్పాను, నాకా సంగతి ఎప్పుడూ తట్టలేదు.

ఏం చెప్తున్నానూ. ఆఁ, దిబ్బ. ఆ దేశంలో వరదొస్తే ఊళ్ళన్నీ నీళ్ళ మధ్య దీవుల్లాగా ఉండేవనీ, అందుకే దిబ్బల మీద ఇళ్ళు కట్టుకునేవాళ్ళనీ చెప్పింది. వీరలక్ష్మి అని ఓ పిల్ల ఉండేది, అబ్బులు కూతురు. అబ్బులంటే చిన్న రైతు, సొంత బండి ఉంది, మంచివాడే, కాస్త మొండి. ఆ పిల్లా అంతే. అది లేచి, "మన పాటిదిబ్బలాగానాండీ?" అంది. నీకు పాటిదిబ్బ తెలుసా? టౌనులో పుట్టావు, ఎలా తెలుస్తుంది. ఎప్పుడో పూర్వం ఊరుండి, పాడుపడిపోయిన చోటమ్మా. ఎన్ని వందల ఏళ్ళ బూడిదో, పెంటో, ఎముకలో నాని ఉంటాయి ఆ మట్టిలో. దాన్ని పాటిమన్నంటారు. పొలానికి తోలితే దాన్ని మించిన ఎరువు లేదు. మా ఊరికి దిగువన, మురుగుకాలవ పక్కన క్రైస్తవుల పల్లె, ఆ పల్లెకి ఆనుకుని ఈ దిబ్బ. కోతలయి, నూర్పుళ్ళయి, పొలాలు ఎండాయంటే ఊళ్ళో బండ్లన్నీ దిబ్బ దగ్గరే. తాతల నాటి నుంచీ అలవాటు. దిబ్బలో ఎవరి వాటా వాళ్ళది, పట్టాలున్నాయి. ఎక్కువ భాగం మునసబు వీరరాఘవయ్యగారిది, అబ్బులుకి ఓ ముక్క. నేను వెళ్ళేటప్పటికే సగం దిబ్బ పొలాలకెళ్ళిపోయింది.

టీచరమ్మ క్లాసు మొత్తాన్నీ అక్కడికి నడిపించుకుపోయింది. నేనూ వెళ్ళాను, ఇంతమంది పిల్లలు, బండ్లు తిరిగే చోటు, ఎవరో ఒకరు చూసుకోవాలిగా. దిబ్బని నిలువుగా తవ్విన చోట గోడలాగా ఉంది. ఆ గోడ మీద చారలు. "దగ్గరికెళ్ళి చూడండి, ముట్టుకోండి" అంది. కింద నల్లటి చార, బూడిద, పెంకులు, ఓ చేపముల్లు. దాని మీద తెల్లగా మెత్తగా ఓ చార. దాని మీద మళ్ళీ నలుపు. "ఈ నలుపేంటి?" "పొయ్యి బూడిదండి." "ఈ తెలుపు?"  పల్లెలో ఉండే మత్తయి కొడుకు చేతిలో నలిపి, "ఒండ్రండి, మనం మోశామే, అట్టాంటిదే" అన్నాడు. "వరదొచ్చిందిరా. మీద నుంచి పోయింది. పోయాక ఏం చేశారూ?" "మళ్ళీ పొయ్యెట్టుకున్నారండి, దాని మీదే." "ఇంకో చోటికి ఎందుకు పోలేదు?" "ఇదే ఎత్తు కదండీ." ఆవిడ ఆ గోడ మీద చెయ్యి పెట్టి అంది, "ఈ దిబ్బ ఎవరూ కట్టలేదు. ఇక్కడ బతికి బతికి, వాళ్ళ బతుకే ఇంత ఎత్తు పెరిగింది." తర్వాత ఏరు పక్కకి జరిగిపోయిందనీ, నీళ్ళు దూరమయ్యాక ఊరు కూడా వదిలిపెట్టి పోయారనీ చెప్తోంది. అప్పుడు వీరలక్ష్మి అడిగింది. "మరి మనం తవ్వేస్తన్నాం కదండీ. నీళ్ళొస్తే ఎక్కడెక్కుతాం?"

వాళ్ళ నాన్న అక్కడే బండికి మన్నెత్తుతున్నాడు. పార ఆపి చూశాడు.  టీచరమ్మ ఆ ప్రశ్న కోసం పిల్లల్ని అక్కడికి తీసుకురాలేదమ్మా, అది నేను ప్రమాణం చేసి చెప్తాను. ఆవిడ ముఖం చూశాను నేను. ఆవిడకి కూడా అప్పుడే తట్టింది. "నాకు తెలియదు వీరలక్ష్మీ. అందరూ ఇళ్ళకెళ్ళి పెద్దవాళ్ళని అడగండి. ఇదివరకు నీళ్ళొచ్చినప్పుడు ఎవరెవరు ఎక్కడెక్కారో కనుక్కుని రండి" అంది. అంతే, అదే ఇంటిపని. మర్నాడు పిల్లలు చెప్పారు. మునసబుగారి మనవడు, "మా వాళ్ళు మేడెక్కారంటండి" అన్నాడు. రైతుల పిల్లలు, "మా వాళ్ళు మునసబుగారి అరుగుల మీదున్నారంటండి." పల్లె పిల్లలు ఒక్కొక్కరే లేచి, "దిబ్బెక్కారంటండి," "దిబ్బే అండి," "మా మామ్మ గేదెని కూడా ఎక్కించిందంట." ఆవిడ అంతా విని, లెక్కల పుస్తకాలు తీయమంది.

కానీ ఊరంతా అడిగారుగా పిల్లలు. ఆ మాట ఇంటింటికీ వెళ్ళింది. వీరలక్ష్మి మర్నాటి నుంచీ దిబ్బ దగ్గరికి తండ్రికి చద్ది తీసుకెళ్ళనంది. పొలానికైతే తెస్తాను, దిబ్బ మీదికి తేను అని కూర్చుంది. తోటి బండివాళ్ళు ఊరుకుంటారా? "ఏం అబ్బులూ, ఈజిప్టు రాణిగారు ఇయ్యాల కూడా చద్ది పంపలేదా?" "రాణిగారు అలిగారురా, అబ్బులు బావ పస్తే." అబ్బులు నవ్వీ నవ్వక ఊరుకునేవాడు.

మునసబుగారు కబురంపారు. ఆవిడ నన్ను కూడా రమ్మంది. వీరరాఘవయ్యగారు చెడ్డ మనిషని నేననను. బడికి స్థలం ఇచ్చింది ఆయన. పల్లె పిల్లలు రైతుల పిల్లల పక్కన కూర్చుంటే ఊరుకున్నదీ ఆయనే, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆవిణ్ణి కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. "అమ్మా, ఈజిప్టు చెప్పమంటే మా ఎరువు జోలి మీకెందుకు?" అన్నారు. "నేను ఎరువు సంగతి చెప్పలేదండి. పిల్లలడిగారు." నా వైపు తిరిగి, "ఏవయ్యా పట్టాభిరామయ్యా, ఇది పుస్తకంలో ఉందా?" అన్నారు. "ఈజిప్టు ఉందండి, పాటిదిబ్బ లేదండి" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెప్తాను. "విన్నారుగా. పైగా ఏటికి కరకట్ట వేశారు దొరలు. ఇంక వరదెక్కడిదమ్మా?" దానికావిడ నెమ్మదిగా, "కరకట్ట ఏటికండి. సముద్రానికి లేదు కదండీ" అంది. ఆయన ముఖం మారింది. "సముద్రం ఎక్కడో ఉంది. చూడండి, మీ మీద నాకు గౌరవం. రేపు బళ్ళో పిల్లలకి చెప్పండి, దిబ్బతో పనిలేదు, నేను పొరపాటున చెప్పానని. దాంతో పోతుంది. లేదంటారా, నా స్థలం నాకు కావాలి. మీ మిషను వాళ్ళకి ఉత్తరం రాసుకుంటాను."

మత్తయి పెరట్లో చితుగులు కొడుతున్నాడు. మునసబుగారి పాలేరే వాడు. "ఏరా మత్తయ్యా, దిబ్బ తవ్వితే మీకేమైనా అభ్యంతరమా?" అని కేకేశారు. "తమ దయండి" అన్నాడు వాడు. ఇంకేం అంటాడు.

తిరిగి వచ్చేటప్పుడు మత్తయి వెనకాలే వచ్చాడు. దారిలో మురుగుకాలవ వంతెన దగ్గర ఆగి, చేతులు కట్టుకుని, "అమ్మగారూ, ఆ మాటేదో అనేయండి. నీళ్ళెప్పుడొత్తయ్యో ఎవరికి తెలుసు. బడి పోతే మాత్రం రేపే పోద్ది. నా కొడుకు పదో ఎక్కం చదువుతన్నాడు" అన్నాడు. ఆవిడకి మునసబుగారి మాట కంటే ఈ మాట బరువైంది. చూస్తున్నాను కదా నేను పక్కనే. "మత్తయిగారూ, వాళ్ళు చేతుల్తో నలిపి చూశారండి ఆ మట్టి. ఇప్పుడు నేను కాదంటే ఇంక నేనేం చెప్పినా ఏం నమ్ముతారు?" అంది. వాడు, "నమ్మకపోయినా సదువొత్తదిగా అమ్మగారూ" అన్నాడు.  ఇద్దరి మాటా సబబే అనిపించింది నాకు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తేల్చుకోలేకపోయాను, అందుకే చెప్తున్నాను నీకు.

మర్నాడు బడికి వచ్చింది. మునసబుగారి గుమస్తా గుమ్మం దగ్గర నిలబడ్డాడు వినడానికి. ప్రార్థనయింది. ఆవిడ పిల్లల ముందు నిలబడి అంది, "మునసబుగారు కరకట్ట గట్టిదనీ, దిబ్బ అవసరం లేదనీ చెప్పమన్నారు. అది ఆయన నమ్మకం, నేను మీకు చెప్పాను. నీళ్ళు వస్తాయో రావో నాకు తెలియదు. ఆ పూర్వపు వాళ్ళు ఎత్తు చూసుకుని ఎందుకున్నారో నేను చెప్పింది మాత్రం నిజం. దాన్ని మార్చలేను" అని, అట్లాసు తీసి సింధు నది చూపించమంది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. గుమస్తా వెళ్ళిపోయాడు.

బడి పోలేదు. ఆవిడే పోయింది. ఊరితో తగువెందుకని మిషనులో పైవాళ్ళు ఆవిణ్ణి మార్చి, సముద్రం దాపున ఓ కొత్త బడికి వేశారు. ఉప్పు పండించే కొటారుల వాళ్ళూ, చేపలవాళ్ళూ ఉండే ఊరు. రేకుపెట్టె ఒకటీ, చుట్ట చుట్టిన పటాలూ, అంతే సామాను. పల్లె వాళ్ళు పడవ దాకా మోశారు. అబ్బులు కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. పడవ కదిలాక నాతో అన్నాడు, "నా ముక్క నేను తవ్వనండీ పంతులుగారూ." ఏం, ఎందుకని అడిగాను. "పిల్ల అడిగినదానికి ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదండీ" అన్నాడు. పక్కవాళ్ళందరూ తవ్వుకుంటూ పోయారు. మునసబుగారి వాటా నేలమట్టమయి, దాని మీద మినుములు కూడా చల్లారు. వీడి ముక్క మాత్రం మధ్యలో, ఓ కళ్ళం చేసేంత మేర, మొండిగా నిలబడి ఉండేది. ఎగతాళి చేసేవాళ్ళు. పొలం సారం తగ్గింది కూడా వాడిది. తవ్వలేదు.

ఏళ్ళు గడిచాయి, యుద్ధం రోజుల్లో వచ్చింది గాలివాన. మధ్యాహ్నం మొదలైంది. కరకట్ట తెగలేదమ్మా, మునసబుగారన్నట్టే గట్టిగానే నిలబడింది. సముద్రం మురుగుకాలవ పట్టుకుని ఎగదన్నింది. నీళ్ళు దిగువ నుంచి వచ్చాయి, పల్లెలోకి ముందు. పల్లె వాళ్ళు ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరి కాళ్ళూ అటే నడిచాయి. అబ్బులు ముక్క మీదికి. చాలలేదు. పిల్లల్ని నడుమ పెట్టి, ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, మగవాళ్ళు అంచున మోకాటి లోతు నీళ్ళలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని తెల్లవార్లూ అలాగే ఉన్నారు. వీరలక్ష్మి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది, ఊళ్ళో మునసబుగారి మేడ మీద ఉంది. అబ్బులు మాత్రం మేడెక్కలేదు. పల్లె వాళ్ళతో దిబ్బ అంచున నిలబడ్డాడు. అందరూ బతికారనను. చాలామంది బతికారు. ఆ ముక్క కూడా పొలానికెళ్ళి ఉంటే పల్లెలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇది తెల్లారాక మునసబుగారి మేడ మీంచి నేను కళ్ళారా చూసిన సంగతి.

నీళ్ళు తీశాక మత్తయీ నేనూ బయల్దేరాం. మత్తయే వచ్చాడు నా దగ్గరికి. "అమ్మగారి ఊరెళ్దాం పంతులుగారూ" అన్నాడు. పడవలు లేవు, నడిచాం. చచ్చిన పశువులు, తాటిచెట్లు కూలి అడ్డంగా. ఆ వాసన గురించి చెప్పను, సాయంత్రం పూట వద్దు. వెళ్ళేటప్పటికి ఊరుండాల్సిన చోట ఊరు లేదు. బడి రాతి అరుగు ఉంది, దాని మీద గోడల్లేవు. మిగిలిన ఒకాయన చెప్పాడు, నీళ్ళు వస్తున్నాయనగానే ఆవిడ ఇంటింటికీ తిరిగి పిల్లల్ని ఆ అరుగు మీదికి చేర్చిందట. "ఈ చుట్టుపక్కల అదే ఎత్తండి" అన్నాడాయన. ఎంత ఎత్తు? నా మొల దాకా ఉంటుందేమో.

చుట్టూ చూశాం. తెల్లటి ఇసక, ఆకాశం దాకా. ఆవిణ్ణీ ఆ పిల్లల్నీ ఎక్కడ వెతకాలో తోచలేదు. మత్తయి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, "ఏదైనా ఎక్కి చూద్దాం పంతులుగారూ, కనపడుద్దేమో" అన్నాడు. ఎక్కడానికి ఎత్తు కోసం అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

...

ఆ దీపం వెయ్యమ్మా. దోమలు.